వలందుల సముద్రసీమలో మూడు వారాలు

బందరులో వలందపాలెమనే పేట వుంది. వలందులంటే హాలెండు దేశస్థులు, డచ్చివారు. 17వ శతాబ్ది ఆరంభంలోనే వారు బందరులో వర్తకశాల పెట్టి, మన అద్దకపు గుడ్డలను ఓడలకెత్తుకుపోయారు. బందరులో తెలుగు పాఠాలు చెప్పుకునే నాకు వారి దేశం చూడాలని ఎన్నాళ్ళనుంచో కోరిక. మా బావమరిది రోటర్‌డామ్ నగరంలో వుద్యోగం చేస్తూ వుండటంవల్ల కిందటి వేసవిలో అది తీరింది. నేనూ, మా శ్రీమతీ మూడు వారాలపాటు ఆ దేశపు నైరుతి తీరమైన జీలాండ్ చుట్టి వచ్చాము. ఆమె పుట్టినిల్లు దివిసీమ. అందుచేత ఆ తీరాన్ని నేను చూసిన చూపు వేరు, ఆమె చూసిన చూపు వేరు.

జీలాండ్ అంటే సముద్రసీమ అనే అర్థం. రైను, మాస్, షెల్ట్ నదులు సముద్రంలో కలిసేచోట ఏర్పడిన లంకలవి. కృష్ణ రెండు పాయలై దివిని ఒడిలో పెట్టుకోలేదూ, అలాగే. కట్టమీద నిలబడితే ఒక పక్క సముద్రం మీదుగా, మరొక పక్క బంగాళాదుంప చేలు పల్లంలో కనిపిస్తాయి. బస్సులలోనూ, అద్దె సైకిళ్ళమీదా తిరిగాము. గుడివాడలో చదువుకున్న రోజుల తరువాత మా శ్రీమతి సైకిలెక్కడం ఇదే. అక్కడ మిట్టలు లేవు గాని, ఎదురుగాలి వుంది!

మిడిల్‌బర్గ్ పట్టణం డచ్చి తూర్పు ఇండియా కంపెనీకి ఒక ముఖ్య కేంద్రంగా వుండేది. మన కోరమాండల్ తీరపు పూలగుడ్డలతో అక్కడి ఆడవారు ఒకప్పుడు రవికలు కుట్టించుకునేవారు. మనం చీటిగుడ్డ అనేదాన్నే వారు ‘సిట్స్’ అంటారు.

1953వ సంవత్సరం జనవరి 31 రాత్రి తుఫానులో ఆ కట్టలు తెగిపోయాయి. ఆ దేశంలో 1,836 మంది చనిపోయారు. ఔవర్‌కెర్క్ గ్రామం దగ్గరి చివరి గండిని నవంబరులో పెద్ద పెద్ద కాంక్రీటు పెట్టెలు దింపి పూడ్చారు. ఆ పెట్టెలు నాలుగింటిలోనే నేడు ఒక మ్యూజియం వుంది. అందులో మృతుల పేర్లు కనిపిస్తాయి. మా శ్రీమతి ఆ నోరు తిరగని పేర్లను చాలాసేపు కూడబలుక్కుని చదివింది. 1977 నవంబరు 19 ఉప్పెనలో, ఆమె పుట్టకముందే, ఆమె మేనమామలు ఇద్దరు కొట్టుకుపోయారు.

“ఏమండీ, మా మామయ్యల పేర్లు అమ్మకు తప్ప ఇంకెవరికి గుర్తున్నాయంటారు?” అన్నది.

నా దగ్గర జవాబు లేదు.

తలుపులున్న కట్ట

ఆ ప్రళయం తరువాత డచ్చివారు నదీముఖాలకు అడ్డుకట్టలు తలపెట్టారు. ఊస్టర్‌షెల్ట్ అనేచోట పూర్తిగా మూసివేయాలనే మొదట అనుకున్నారు. ఉప్పునీరు పోతే ఆల్చిప్పలూ, చేపలూ పోతాయని బెస్తవారూ, ప్రకృతి ప్రేమికులూ అడ్డుపడ్డారు. ప్రభుత్వం వారి మాట విన్నది. 62 ఉక్కు తలుపులతో, 9 కిలోమీటర్ల పొడవున, 1986లో ఆ కట్ట పూర్తయింది. మామూలు రోజులలో తలుపులు తెరిచే వుంటాయి. నీరు 3 మీటర్ల ఎత్తుకు లేస్తుందని తెలిస్తే దింపుతారు.

అంతకన్న నన్ను ఆకర్షించినది వారి జలసంఘాలు. 13వ శతాబ్దినుంచీ వున్న సంస్థలివి. కట్టలకూ, కాలువలకూ ప్రజలు విడిగా పన్ను కడతారు. నాలుగేళ్ళకొకసారి ఓటువేసి ఆ సంఘాలను ఎన్నుకుంటారు. కట్ట తెగాక పరుగెత్తుకొచ్చేవారు ఎక్కడైనా వుంటారు. తెగకుండా ఏటేటా చూసేవారిని ఎన్నుకోవడం అక్కడ చూశాను.

1864లో బందరు ఉప్పెన సుమారు 30,000 మందిని పొట్టనబెట్టుకున్నది. 1977లో ప్రభుత్వ లెక్క ప్రకారమే సుమారు 10,000 మంది పోయారు. అంత ఖర్చుతో ఉక్కు తలుపులు మనం కట్టలేకపోవచ్చు. కాని నాగాయలంక, కోడూరు వైపు మడఅడవులు వున్నాయి. అలల వురవడిని తగ్గించేవీ అవే, చేపపిల్లకు నీడనిచ్చేవీ అవే. డచ్చివారు ఎంతో డబ్బు పోసి సాధించినదానిలో కొంత, మన తీరానికి ప్రకృతే ఇచ్చింది. రొయ్యల చెరువుకోసం మడచెట్టు నరికేవారు ఆ తలుపును తామే పెరికివేస్తున్నామని తెలుసుకుంటే చాలు.