పెంపుడు తాబేలుకు పండు: ఎంత, ఎప్పుడు, ఎలా

ఇంట్లో పండు కోసినప్పుడు పిల్లలు ఒక ముక్కను తాబేలు తొట్టెలో వేయడం అనేక కుటుంబాలలో ఉన్న అలవాటు. తాబేలు దానిని ఆత్రంగా అందుకుంటుంది. మరునాడు మరొక ముక్క కోసం మెడ చాస్తుంది. ఆ ఆత్రాన్ని చూసి, పండే దానికి తగిన ఆహారమని పెద్దలు కూడా భావిస్తారు. తాబేలుకు పండు ఇష్టమన్నది నిజమే. అయితే అది అప్పుడప్పుడు రుచి చూపవలసిన పదార్థమే గాని, నిత్యాహారం కాదు. మితిమీరి పెట్టినందువల్ల కలిగే హాని ఒక్కరోజులో బయటపడదు. కొన్ని నెలలకు డిప్ప మెత్తబడినప్పుడో, కనురెప్పలు వాచి మేత మానినప్పుడో అది తెలిసివస్తుంది.

అది ఏ తాబేలు?

నగరాలలోని ఇళ్లలో ఎక్కువగా కనిపించేది రెడ్ ఇయర్డ్ స్లైడర్ అనే నీటి తాబేలు. కంటి వెనుక ఎర్రని చార దీని గుర్తు. దీని స్వస్థలం అమెరికా సంయుక్త రాష్ట్రాల దక్షిణ ప్రాంతం, ఉత్తర మెక్సికో. పిల్లదశలో ఇది పురుగులు, చిన్న చేపలు, నత్తల వంటి మాంసాహారాన్ని ఎక్కువగా తింటుంది. ఎదిగినకొద్దీ ఆకులు, నీటి మొక్కల వైపు మొగ్గుతుంది. కనుక చిన్న పిల్లకు పండు అవసరమే లేదు. ఎదిగిన తాబేలుకు సైతం ఆకుకూరలు, తాబేళ్ల కోసం తయారుచేసిన గుళికల మేత ప్రధానం కావాలి. గడ్డి, ఆకులు మేసే మెట్ట తాబేళ్ల విషయంలో మరింత జాగ్రత్త అవసరం. పీచుపదార్థాన్ని అరిగించుకొనేందుకు ఏర్పడిన వాటి పేగులు చక్కెరను తట్టుకోలేవు, విరేచనాలు పట్టుకుంటాయి.

నక్షత్ర తాబేలు విషయం వేరు. వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 ప్రకారం దానిని పట్టడం, కొనడం, ఇంట ఉంచుకోవడం నేరం. చెరువులలోని దేశీయ తాబేళ్లకు కూడా ఇదే చట్టం రక్షణ కల్పిస్తున్నది. అటువంటి తాబేలు ఎవరి ఇంటనైనా ఉన్నచో దానికి ఏ పండు పెట్టాలన్న ప్రశ్నకు ముందు, అటవీ శాఖకు తెలియజేయడమే చేయవలసిన పని.

మితం ఎందుకు?

తాబేలు డిప్ప ఎముకతో ఏర్పడిన అవయవం. అది గట్టిపడడానికి ఆహారంలో భాస్వరం కంటే కాల్షియం ఎక్కువగా, దాదాపు రెండింతలు ఉండడం మంచిది. అనేక పండ్లలో ఈ లెక్క తలకిందులుగా ఉంటుంది. 100 గ్రాముల అరటిపండులో కాల్షియం సుమారు 5 మిల్లీగ్రాములు కాగా, భాస్వరం సుమారు 22 మిల్లీగ్రాములు. అదే తూకం బొప్పాయిలో కాల్షియం సుమారు 20, భాస్వరం 10 మిల్లీగ్రాములు. కాల్షియం చాలనప్పుడు శరీరం దానిని ఎముకల నుండి తీసుకుంటుంది. ఫలితంగా డిప్ప మెత్తబడి వంకరలు పోతుంది, కాళ్లు బలహీనపడతాయి.

మరొక చిక్కు కూడా ఉన్నది. తీపికి అలవాటుపడిన తాబేలు ఆకును, గుళికలను ముట్టదు. క్రమంగా విటమిన్ ఎ కొరవడి కనురెప్పలు వాస్తాయి. చూపు ఆనక అది ఉన్న మేతను కూడా మానివేస్తుంది.

దేవాలయాల కొలనులలో భక్తులు వేసే అరటిపండును తాబేళ్లు తింటున్నాయి కదా అన్న సందేహం సహజం. కొలనులోని తాబేలు నాచు, నీటి మొక్కలు, నత్తలు, పురుగులు వెదకి తినగలదు. తొట్టెలోని తాబేలుకు యజమాని చేతి నుండి వచ్చేది తప్ప మరొక మేత లేదు. అందువల్ల ఏది ఎంత తినాలన్న నిర్ణయం పూర్తిగా యజమానిదే అవుతున్నది.

ఏవి పెట్టవచ్చు, ఏవి కూడదు?

బొప్పాయి, తాజా అంజూరం మేలైనవి. గింజలు తీసిన ఆపిల్, పుచ్చకాయ, తొక్క, టెంక లేని మామిడి ముక్క అప్పుడప్పుడు ఇవ్వవచ్చు. అరటి, ద్రాక్ష, సపోటా, పనసతొన వంటి తీపి ఎక్కువగల పండ్లు మిక్కిలి అరుదుగానే పెట్టాలి. ఆపిల్ గింజలలో విషపదార్థం ఉన్నది. సీతాఫలం గింజలు కూడా విషపూరితమే. బటర్ ఫ్రూట్ అని పిలిచే అవకాడో అసలే కూడదు. నిమ్మ, బత్తాయి, కమలా వంటి పుల్లని జాతి పండ్లను మానడం మంచిది. ఎండుద్రాక్ష, జామ్, పాకంలో నిల్వచేసిన పండ్లు, పాలు లేదా ఐస్‌క్రీం కలిపిన ఫ్రూట్ సలాడ్ తాబేలుకు తగవు.

ఎదిగిన నీటి తాబేలుకు వారానికి ఒకసారికి మించకుండా, దాని తలలో సగం పరిమాణం గల ముక్క చాలును. మొత్తం మేతలో పండు వంతు నూటికి ఐదు పాళ్లు దాటరాదు. పురుగుమందుల అవశేషాలు పోవునట్లు పండును బాగా కడిగి, నోటికి సులభంగా అందునట్లు చిన్న ముక్కలుగా కోయాలి. లెట్యూస్, మందార ఆకులు, క్యారట్ తురుము వంటివి తిన్న తరువాతనే పండు వేస్తే తీపి కోసం మిగిలినవాటిని మానే అలవాటు కలగదు.

నీరు, ఎండ, శుభ్రత

నీటి తాబేలు నీటిలో ఉన్నప్పుడే మేతను మింగగలదు. కనుక గట్టుపై పండు పెట్టి తినలేదని చింతించనవసరం లేదు. వేరొక చిన్న తొట్టెలో నీరు పోసి అందులో మేత వేయడం ఉత్తమం. అరగంటలో తినని ముక్కలను తీసివేయకపోతే అవి కుళ్లి నీటిని విషతుల్యం చేస్తాయి.

తిన్న కాల్షియం ఒంటబట్టడానికి విటమిన్ డి3 కావాలి; అది ఎండలోని అతినీలలోహిత కిరణాల వల్ల తయారవుతుంది. కిటికీ అద్దం ఆ కిరణాలను అడ్డగిస్తుంది. అందువల్ల ఉదయపు ఎండను నేరుగా తగలనివ్వాలి. తప్పుకొనడానికి నీడ కూడా ఉంచాలి.

ఆరోగ్యంగా కనిపించే తాబేలు ఒంటిపై సైతం సాల్మొనెల్లా బ్యాక్టీరియా ఉండవచ్చు. ఈ కారణంగానే అమెరికాలో 4 అంగుళాల లోపు డిప్పగల తాబేళ్లను పెంపకానికి అమ్మడాన్ని 1975లో నిషేధించారు. పిల్లలు తాబేలును గాని, తొట్టె నీటిని గాని తాకిన వెంటనే చేతులను సబ్బుతో కడుక్కోవాలి. ఐదేళ్లలోపు పిల్లలను దూరంగా ఉంచాలి. వంటింటి సింకులో తొట్టెను కడగరాదు. తాబేలు పండు కోసిన కత్తిని, పలకను వంటకు వాడరాదు.

డిప్ప మెత్తబడినా, కళ్లు వాచినా, రెండు మూడు రోజులు మేత మానినా పశువైద్యునికి చూపాలి. పెంచడం భారమైనదని స్లైడర్‌ను చెరువులో వదలడం ఎంతమాత్రం తగదు. ప్రపంచంలో అత్యంత హానికరమైన 100 ఆక్రమణ జీవుల పట్టికలో దాని పేరు ఉన్నది. దేశీయ తాబేళ్ల మేతను, ఎండకాగే చోటును అది లాక్కుంటుంది. సరైన మేత దొరికిన స్లైడర్ 20 ఏళ్లకు పైగా జీవిస్తుంది. ఇంటికి తెచ్చుకొనే ముందే కుటుంబమంతా ఈ సంగతిని ఆలోచించుకోవాలి.