విరాళాల క్యూఆర్‌ కోడ్‌.. ఎవరి పేరు మీద?

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ కాలనీలు మునిగినప్పుడు వాట్సాప్‌ గ్రూపుల్లో తిరిగిన క్యూఆర్‌ కోడ్‌లు గుర్తున్నాయా? రేపు మీ కాలేజీ సేవా బృందం అలాంటి పని తలపెడితే మొదటి ప్రశ్న ‘డబ్బు ఎవరి నంబరుకి?’ అనే. కంప్యూటర్స్‌ బ్రాంచి వాళ్లయితే అందరి చూపూ మీ మీదే. సొంత కోడ్‌ ఇచ్చేయడం రెండు నిమిషాల పని. కానీ ఇవ్వకండి.

ఎందుకంటే ఆ సొమ్ము మీ డబ్బుతో కలిసిపోతుంది. లెక్క అడిగితే చెప్పాల్సింది మీరే. పంపినవాళ్లలో ఒక్కరి సొమ్ము సైబర్‌ మోసానిదని ఫిర్యాదు వచ్చినా మీ ఖాతా స్తంభించిపోవచ్చు. మొదటి జీతం పడాల్సింది అందులోనే అయితే?

ఎక్కడ ఆగుతుంది?

సంస్థ పేరుతో పేమెంట్‌ గేట్‌వే ఖాతా తెరవడమే సరైన దారి. అయితే అది అంత తేలిక కాదు. ఆర్‌బీఐ నిబంధనల ప్రకారం, ఖాతాదారు ఎవరో సరిచూసుకునే బాధ్యత గేట్‌వే కంపెనీలదే. అందుకే రిజిస్ట్రేషన్‌ పత్రం, సంస్థ పాన్‌, సంస్థ బ్యాంకు ఖాతా, బాధ్యుల గుర్తింపు కార్డులు అడుగుతారు. సొసైటీగా నమోదు కావాలంటే తెలుగు రాష్ట్రాల్లో కనీసం ఏడుగురు సభ్యులుండాలి. పాన్‌లో నాలుగో అక్షరం చూడండి. ‘పి’ ఉంటే అది వ్యక్తిది, ‘టి’ అయితే ట్రస్టుది. అధ్యక్షుడి సొంత పాన్‌ సంస్థ పాన్‌గా చెల్లదు.

నేను సాయం చేసిన ఓ చిన్న సంస్థ దరఖాస్తు మూడుసార్లు వెనక్కి వచ్చింది. ప్రతిసారీ ఒకటే మెయిల్‌: ‘వివరాలు సరిపోలలేదు’. ఏ వివరాలో చెప్పరు! కాగితాలన్నీ పక్కపక్కన పెడితే దొరికింది. పాన్‌లో ‘సొసైటీ’, బ్యాంకు ఖాతాలో ‘అసోసియేషన్‌’. గేట్‌వే ఆ ఖాతాకు ఒక రూపాయి పంపి, బ్యాంకు చూపే పేరును పాన్‌ పేరుతో పోల్చుతుంది. ఆ పని చేసేది ప్రోగ్రామ్‌, దానికి మొహమాటం ఉండదు. బ్యాంకులో పేరు సరిచేయించాక నాలుగోసారి పని అయింది.

వెబ్‌సైట్లో చిరునామా, గోప్యతా విధానం, రీఫండ్‌ విధానం కూడా ఉండాలి. ‘విరాళానికి రీఫండ్‌ ఏంటి?’ అనుకోకండి. రూ.500 బదులు రూ.5,000 కొట్టేవాళ్లూ ఉంటారు.

అమెరికా అన్నయ్య పంపితే?

భారత పౌరుడిగానే ఉన్న అన్నయ్య డాలస్‌ నుంచి తన సంపాదనలోంచి బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కాదు. పౌరసత్వం మారిపోతే మాత్రం అవుతుంది. అప్పుడు ఎఫ్‌సీఆర్‌ఏ అనుమతి తప్పనిసరి. ఆ డబ్బు ముందుగా దిల్లీలోని ఎస్‌బీఐ ప్రధాన శాఖలో తెరిచిన ఖాతాకే చేరాలి. అనుమతి లేకుండా విదేశీ కార్డుల ఆప్షన్‌ ఆన్‌ చేయొద్దు. అలాగే అందుకు తగిన నమోదు లేకుండా ‘పన్ను రాయితీ ఉంటుంది’ అని పోస్టరు వేయొద్దు.

ఇంటర్వ్యూలో ఇదే పనికొస్తుంది

రెజ్యూమెలో ‘పేమెంట్‌ గేట్‌వే ఇంటిగ్రేషన్‌’ అని చాలామంది రాస్తారు. డబ్బు కట్‌ అయ్యాక దాత బ్రౌజర్‌ మూసేస్తే మీ సిస్టమ్‌కి ఎలా తెలుస్తుంది? గేట్‌వే మీ సర్వర్‌కు పంపే వెబ్‌హుక్‌ ద్వారా. అది నిజంగా గేట్‌వే నుంచే వచ్చిందని డిజిటల్‌ సంతకంతో సరిచూడాలి. అదే సందేశం రెండుసార్లు వచ్చినా రసీదు ఒక్కటే వెళ్లాలి. ఇది చేసి చూపించగలిగితే మీ జవాబు వేరుగా వినిపిస్తుంది. కోడింగ్‌ మీద ఆసక్తి లేదా? ఫిన్‌టెక్‌ కంపెనీల్లో కేవైసీ, కంప్లయన్స్‌ ఉద్యోగాలూ ఉన్నాయి. పత్రాల్లో తేడా పట్టుకోవడమే అక్కడ రోజువారీ పని.

ఇంకా నమోదైన సంస్థ లేదా? అయితే విరాళాలను ముఖ్యమంత్రి సహాయనిధికో, నమోదైన సంస్థకో నేరుగా పంపమనండి. ఉంటే మాత్రం ఈ వారమే రిజిస్ట్రేషన్‌ పత్రం, పాన్‌, పాస్‌బుక్‌ తీసి మూడింటిలో పేరు అక్షరం తేడా లేకుండా ఉందేమో చూడండి. వరద వచ్చాక చూసుకునేంత తీరిక ఉండదు.