రంగం ఓడ, రైలు బండి

ఎలమంచిలి స్టేషను మీదుగా రోజూ ఎన్నో రైళ్లు పోతుంటాయి. ఒకవైపు వెళితే తుని, రాజమండ్రి, విజయవాడ, చెన్నై వస్తాయి. రెండోవైపు వెళితే అనకాపల్లి, విశాఖపట్నం, విజయనగరం, ఆపైన కలకత్తా. పొద్దున రైలెక్కి విశాఖ వెళ్లి, పని చూసుకుని, సాయంత్రానికి ఇంటికి వచ్చేయవచ్చు.

మరి ఈ పట్టాలు లేనప్పుడు జనం ఎలా వెళ్లేవాళ్లు?

దగ్గర ఊళ్లకు కాలినడక. కొంచెం దూరమైతే ఎడ్ల బండి. మధ్యలో ఏరు పొంగితే ఒడ్డున రోజుల తరబడి కూర్చోవాలి. గోదావరి మీద వంతెన లేదు. బండి మీద మద్రాసు చేరాలంటే వారాలు పట్టేది. అందుకని దూరాలకు వెళ్లేవాళ్లు సముద్రం దారి పట్టేవాళ్లు. మన తీరం వెంబడి ఓడలు నడిచేవి. ఆ ఓడల కథ ఇది. అవి ఎక్కి బతుకుతెరువు కోసం వెళ్లిన మన తాత ముత్తాతల కథ కూడా.

ఆవిరితో నడిచే ఓడ

మొదట్లో ఓడలన్నీ తెరచాపలతో నడిచేవి. గాలి ఉంటే నడక, లేకపోతే లేదు. ఎప్పుడు బయలుదేరుతుందో, ఎప్పుడు చేరుతుందో ఎవరూ చెప్పలేరు.

తరువాత ఆవిరి ఓడలు వచ్చాయి. పొయ్యి మీద ఎసరు మరిగేటప్పుడు గిన్నె మూత ఎగిరెగిరి పడుతుంది కదా! మూతను ఎగరేసేది ఆవిరి. ఆ బలాన్నే ఓడలో వాడారు. ఓడ అడుగున పెద్ద బాయిలరు ఉంటుంది. దాని కింద బొగ్గు మండిస్తారు. నీళ్లు మరిగి ఆవిరి అవుతుంది. ఆ ఆవిరి ఇంజనును తిప్పుతుంది. ఇంజను ఓడ వెనక నీళ్లలో ఉన్న రెక్కల చక్రాన్ని తిప్పుతుంది. ఓడ ముందుకు పోతుంది.

గాలి కోసం ఎదురుచూడనక్కర్లేదు. ఫలానా రోజున ఫలానా రేవుకు వస్తుంది అని ముందే చెప్పవచ్చు. అందుకే ప్రభుత్వం తపాలా మూటలను కూడా ఈ ఓడలకే అప్పగించింది.

మన తీరంలో ఎక్కువగా తిరిగినవి ఒక ఇంగ్లీషు కంపెనీ ఓడలు. ఆ కంపెనీ 1856లో కలకత్తా నుంచి బర్మాకు తపాలా మోయడానికి మొదలైంది. 1862లో దాని పేరు బ్రిటిష్ ఇండియా స్టీమ్ నావిగేషన్ కంపెనీ అని మార్చారు. కలకత్తా, మద్రాసు, రంగూన్ రేవుల మధ్య దాని ఓడలు తిరిగేవి. దారిలో కాకినాడ, విశాఖపట్నం, భీమునిపట్నం, కళింగపట్నం రేవుల్లో ఆగేవి.

రేవు ఉంది, గట్టు లేదు

ఆగేవి అంటే ఒడ్డుకు వచ్చి ఆగేవి కావు. ఆ రోజుల్లో విశాఖలో ఇప్పుడున్న హార్బరు లేదు. ఒడ్డు దగ్గర లోతు తక్కువ. పెద్ద ఓడ వస్తే ఇసుకలో కూరుకుపోతుంది. అందుకని దూరంగా, లోతు నీళ్లలో లంగరు వేసుకుని నిలబడేది. ఒడ్డు నుంచి ఓడ దాకా జనాన్ని, సామాన్లను పడవల మీద చేరవేసేవాళ్లు.

ఈ పడవలను మసూలా పడవలు అనేవారు. వీటికి మేకులు ఉండవు. పలకలను కొబ్బరి తాడుతో కుట్టేవాళ్లు. మేకులు కొట్టిన పడవ అల దెబ్బకు విరిగిపోతుంది. కుట్టిన పడవ అలతోపాటు కొంచెం వంగుతుంది, మళ్లీ సర్దుకుంటుంది. ఈ పని తెలిసింది మన మత్స్యకారులకే. ఎంత పెద్ద కంపెనీ ఓడ అయినా, వాళ్లు పడవ దింపితేనే జనం ఎక్కేది. కెరటాలు మరీ ఎక్కువగా ఉన్న రోజున పడవలు దిగేవి కావు.

ఓడలో పైగదులు దొరలకు, డబ్బున్నవాళ్లకు. పేదలకు డెక్కే గతి. డెక్కు అంటే ఓడ మీద ఖాళీగా ఉండే చెక్క నేల. అక్కడే చాప పరుచుకోవాలి. అక్కడే తినాలి, అక్కడే పడుకోవాలి. వాన వస్తే తడవాలి. ఒక ఓడలో ఎంతమందిని ఎక్కించవచ్చు, వాళ్లకు నీళ్లు, తిండి ఎంత ఉండాలి అని నియమాలు పెడుతూ 1887లో ఒక చట్టం కూడా చేశారు.

అదే సంవత్సరం మే 25న బంగాళాఖాతంలో ఘోరం జరిగింది. సర్ జాన్ లారెన్స్ అనే ఓడ కలకత్తా నుంచి ఒడిశా తీరానికి బయలుదేరింది. పూరీ జగన్నాథుణ్ణి చూడాలని వెళ్తున్న యాత్రికులు అందులో ఉన్నారు. చాలామంది ఆడవాళ్లు. తుఫానులో ఆ ఓడ మునిగిపోయింది. 700 మందికి పైగా చనిపోయారు. వాళ్ల జ్ఞాపకంగా పెట్టిన రాతిపలక కలకత్తాలో నది ఒడ్డున ఉంది. అప్పటికి పూరీకి రైలు లేదు. ఉంటే వాళ్లలో చాలామంది సముద్రం మీదికి వెళ్లి ఉండేవాళ్లు కాదు.

రైలు వచ్చింది

1893 నుంచి 1896 వరకు విజయవాడ నుంచి కటకం దాకా తూర్పు తీరం రైలు మార్గం కొద్దికొద్దిగా తెరుచుకుంది. 1900లో గోదావరి మీద రాజమండ్రి దగ్గర వంతెన పూర్తయింది. దాంతో మద్రాసు నుంచి కలకత్తా దాకా రైలు దారి కలిసింది.

ఈ మార్గాన్ని ప్రభుత్వం కట్టింది. తరువాత రెండు కంపెనీలకు పంచింది. వాల్తేరుకు ఉత్తరం వైపు బెంగాల్ నాగపూర్ రైల్వే కంపెనీకి వెళ్లింది. దక్షిణం వైపు మద్రాసు రైల్వే కంపెనీకి వెళ్లింది. ఎలమంచిలి దక్షిణం వైపు కంపెనీ కిందికి వచ్చింది.

రైలు వచ్చాక తీరం వెంబడి ఓడ ప్రయాణం తగ్గిపోయింది. ఎవరికైనా భూమి మీద ప్రయాణమే ధైర్యం కదా! తుఫాను భయం లేదు. పడవలో కెరటాలు దాటే బాధ లేదు. భీమునిపట్నం, కళింగపట్నం లాంటి చిన్న రేవుల సందడి క్రమంగా పలచబడింది.

కాని ఒక దారిని మాత్రం రైలు తీసుకోలేకపోయింది. అదే రంగం దారి. రంగం అంటే రంగూన్. బర్మా దేశపు పెద్ద పట్నం. మన తీరానికి, రంగానికి మధ్య బంగాళాఖాతం ఉంది. సముద్రం మీద పట్టాలు వేయలేరు. పైగా రైలు ఈ ఓడలకు సాయమే చేసింది. లోపలి ఊళ్ల జనం రైలెక్కి కాకినాడకో విశాఖకో వచ్చి, అక్కడ ఓడ ఎక్కేవాళ్లు.

రంగం పోయినవాళ్లు

బర్మా అప్పుడు ఇంగ్లీషువాళ్ల పాలనలో ఉంది. 1869లో సూయజ్ కాలువ తెరిచారు. ఓడలు ఆసియా నుంచి ఐరోపాకు త్వరగా చేరసాగాయి. బర్మా బియ్యానికి గిరాకీ పెరిగింది. వరి పొలాల్లో కోతకు, మిల్లుల్లో బస్తాలు మోయడానికి, రేవులో ఓడలకు సరుకు ఎత్తడానికి కూలీలు కావాలి. ఇక్కడ మన జిల్లాల్లో భూమి లేనివాళ్లు, అప్పుల్లో ఉన్నవాళ్లు ఎంతోమంది. వాళ్లు ఓడ ఎక్కారు. మూడు నాలుగు రోజుల ప్రయాణం.

ఓడ టికెట్టుకు డబ్బు ఎక్కడిది? ఇక్కడే మేస్త్రీ వచ్చేవాడు. ఊళ్లోకి వచ్చి కూలీలను పోగు చేసేవాడు. ఇంటి ఖర్చుకు కొంత అడ్వాన్సు ఇచ్చేవాడు. ఓడ టికెట్టు కూడా తనే కొనేవాడు. ఒక కాగితం మీద వేలిముద్ర వేయించుకునేవాడు. ఆ కాగితంలో ఏముందో వేలిముద్ర వేసినవాడికి తెలియదు.

రంగంలో దిగాక అసలు సంగతి తెలిసేది. మిల్లు యజమాని కూలీ డబ్బు మేస్త్రీ చేతికి ఇచ్చేవాడు. మేస్త్రీ తన వాటా, అడ్వాన్సు, టికెట్టు ఖర్చు పట్టుకుని మిగిలింది కూలీకి ఇచ్చేవాడు. బాకీ తీరేదాకా మేస్త్రీని వదిలి వేరే పనికి పోవడానికి లేదు. టికెట్టు కొన్నవాడి చేతిలో మనిషి ఉండిపోయేవాడు.

అయినా కొందరు కూడబెట్టుకున్నారు. ఊరికి డబ్బు పంపారు, పొలం కొన్నారు. కొందరు అక్కడే స్థిరపడ్డారు. వెళ్లినవాళ్లలో మగవాళ్లే ఎక్కువ. ఇక్కడ ఇల్లు, పిల్లలు, వ్యవసాయం అన్నీ ఆడవాళ్ల మీదే పడ్డాయి.

బర్మావాళ్లు తెలుగు కూలీలను "కోరంగీలు" అనేవారు. కాకినాడ దగ్గర కోరంగి అనే పాత రేవు ఉంది. ఆ రేవు పేరే మొత్తం మనవాళ్లకు పేరైపోయింది. 1931 జనాభా లెక్కల నాటికి బర్మాలో 10 లక్షలకు పైగా భారతీయులు ఉన్నారు. అందులో తెలుగువాళ్లు లక్షన్నరకు పైనే.

1930 మే నెలలో రంగం రేవులో తెలుగు కూలీలు కూలి పెంచమని సమ్మె కట్టారు. సరుకు ఎత్తించే కంపెనీలు వాళ్ల బదులు బర్మా కూలీలను పెట్టాయి. సమ్మె తీరాక బర్మా కూలీలను పొమ్మన్నాయి. మే 26న ఇద్దరి మధ్యా కొట్లాట మొదలైంది. అది ఊరంతా పాకింది. వందమందికి పైగా చనిపోయారు. చాలామంది మనవాళ్లే. రెండు దేశాల పేదలు ఒకరినొకరు కొట్టుకున్నారు. ఆ తగాదాకు మూలమైన కూలి రేటు మాత్రం ఇద్దరిదీ తక్కువే.

రైలు కంపెనీయే ఓడ నడిపిన చోటు

మన తీరంలో రైలు కంపెనీలు వేరు, ఓడ కంపెనీలు వేరు. దక్షిణాన మాత్రం రైలు కంపెనీయే ఓడలు నడిపింది. రామేశ్వరం దగ్గర ధనుష్కోడి ఉంది. అక్కడి నుంచి సిలోను, అంటే ఇప్పటి శ్రీలంక, చాలా దగ్గర. 1914లో సౌత్ ఇండియన్ రైల్వే కంపెనీ ధనుష్కోడి నుంచి తలైమన్నారుకు ఆవిరి ఓడలు మొదలుపెట్టింది. మద్రాసులో ఒకే టికెట్టు కొంటే చాలు. ధనుష్కోడి దాకా రైలు, అక్కడ ఓడ, అవతల ఒడ్డున మళ్లీ కొలంబో రైలు.

1964 డిసెంబరులో పెద్ద తుఫాను వచ్చింది. ధనుష్కోడి ఊరు కొట్టుకుపోయింది. స్టేషనుకు వస్తున్న ఒక రైలును కెరటం మింగేసింది. అందులో ఉన్న వందమందికి పైగా ప్రాణాలు పోయాయి. ఆ ఊరి నుంచి ఓడలు మళ్లీ నడవలేదు.

విశాఖకు హార్బరు

విశాఖలో లోతైన హార్బరు తవ్వారు. కెరటాలను ఆపడానికి రెండు పాత ఓడలను రాళ్లతో నింపి సముద్రంలో ముంచారు. మాంగనీసు లాంటి ఖనిజాలు రేవుకు చేరడానికి విజయనగరం, రాయపూర్ రైలు మార్గం పూర్తి చేశారు. 1933 అక్టోబరు 7న మొదటి ఓడ లోపలికి వచ్చింది. దాని పేరు జలదుర్గ. అది ప్రయాణికుల ఓడ. సింధియా అనే భారతీయ కంపెనీ ఓడ. అంతవరకూ ఇంగ్లీషు కంపెనీలే ఏలిన సముద్రం మీద 1919లో పుట్టిన కంపెనీ అది. తరువాత ఈ కంపెనీయే విశాఖలో ఓడలు కట్టే కర్మాగారం పెట్టింది. అక్కడ తయారైన జల ఉష అనే ఓడను 1948లో నెహ్రూ సముద్రంలోకి దింపారు.

హార్బరు వచ్చాక ఓడ ఎక్కడం సుఖమైంది. కాని రంగం దారికి ఎక్కువ కాలం మిగల్లేదు.

దారి మూసుకుపోయింది

1941 డిసెంబరు 23న జపాను విమానాలు రంగం మీద బాంబులు వేశాయి. జనం రేవుకు పరుగెత్తారు. అందరికీ ఓడలు చాలలేదు. టికెట్టు దొరకని లక్షలమంది అడవులు, కొండలు దాటి నడిచి వచ్చారు. ఆకలితో, జ్వరాలతో దారిలో వేలమంది రాలిపోయారు. 1942 మార్చిలో రంగం జపాను చేతికి పోయింది. ఏప్రిల్ 6న విశాఖ మీద, కాకినాడ మీద కూడా బాంబులు పడ్డాయి.

యుద్ధం తరువాత పాత రాకపోకలు మళ్లీ అంతగా సాగలేదు. 1962లో బర్మాలో సైన్యం అధికారం పట్టింది. దుకాణాలను, వ్యాపారాలను ప్రభుత్వం తీసేసుకుంది. అక్కడ మిగిలిన మనవాళ్లు ఎంతోమంది ఓడల్లో తిరిగి వచ్చారు. విశాఖలో బర్మా క్యాంపు అనే పేట పేరు ఆ రాకను గుర్తు చేస్తుంది.

ఈ కథ ఎందుకు?

ఓడలు మారాయి. రైలు వచ్చింది, విమానం వచ్చింది. పని కోసం పరాయి దేశం వెళ్లడం మాత్రం ఆగలేదు. ఇప్పుడు మన కోస్తా జిల్లాల ఆడవాళ్లు, మగవాళ్లు గల్ఫ్ దేశాలకు వెళ్తున్నారు. మేస్త్రీ ఉన్న చోట ఏజెంటు ఉన్నాడు. 1983 నాటి వలస చట్టం ఏజెంటు ప్రభుత్వం దగ్గర నమోదు చేసుకోవాలని చెప్పింది. రంగం పోయిన తాతకు ఆ రక్షణ లేదు. అందుకని వెళ్లేముందు ఈ మూడూ అడగాలి: టికెట్టు ఎవరు కొంటున్నారు? ఆ డబ్బు ఎలా తిరిగి పట్టుకుంటారు? సంతకం పెట్టే కాగితంలో ఏం రాసి ఉంది?

కొత్త మాటలు

లంగరు: ఓడ కదలకుండా నీటి అడుగుకు వదిలే బరువైన ఇనుప కొక్కెం.
డెక్కు: ఓడ మీద ఉండే చెక్క నేల.
మేస్త్రీ: కూలీలను పోగుచేసి పనిలో పెట్టేవాడు.

అందరూ కలిసి మాట్లాడుకోండి

1. మసూలా పడవను మేకులు లేకుండా ఎందుకు కట్టేవాళ్లు?
2. రైలు వచ్చాక కూడా రంగం ఓడలు ఎందుకు ఆగలేదు?
3. మేస్త్రీ టికెట్టు కొనడం వల్ల కూలీకి వచ్చిన ఇబ్బంది ఏమిటి?
4. మీ ఊళ్లో రంగం వెళ్లి వచ్చిన కుటుంబాలు ఉన్నాయా? పెద్దవాళ్లను అడిగి, వాళ్లు చెప్పింది నాలుగు వాక్యాల్లో రాయండి.