కొండ అక్కడే... కూత ఏదీ?

ఒక చేతిలో నూటయాభై ఏళ్లు దాటిన ఫొటో నకలు. మరో చేతిలో కెమెరా. కింద నీలంగా డానర్ సరస్సు. కొండ అంచున నిలబడి రెండడుగులు ఎడమకు, అరడుగు వెనక్కి... మళ్లీ ఫొటో వంక ఓ చూపు. పాత రైలు ఫొటోను అదే చోటి నుంచి మళ్లీ తీయాలనుకునేవాళ్ల పాట్లివి!

అమెరికాలోని కాలిఫోర్నియాలో, సియెర్రా నెవాడా పర్వతాల మీద దాదాపు 7 వేల అడుగుల ఎత్తున ఉంది డానర్ కనుమ. 1860ల్లో సెంట్రల్ పసిఫిక్ కంపెనీ ఇక్కడ రైలుమార్గం వేస్తుంటే ఆల్ఫ్రెడ్ హార్ట్ అనే ఫొటోగ్రాఫర్ ఆ పనులన్నీ చిత్రించాడు. అప్పట్లో ఫొటో అంటే మాటలా? గాజుపలకకు రసాయనం పూసి, అది ఆరేలోపే ఫొటో తీసి, కడిగేయాలి. అంటే చీకటిగదిని కూడా వెంట మోసుకుంటూ కొండెక్కాల్సిందే.

ఆయన నిలబడ్డ చోటు కనిపెట్టడానికి సరస్సూ శిఖరాలూ పెద్దగా పనికిరావు. ఎక్కణ్నుంచి చూసినా అవి అలాగే కనిపిస్తాయి. గుట్టంతా దగ్గరి బండరాళ్ల దగ్గరే ఉంది. ఒక్క అడుగు జరిగినా ముందున్న రాయి వెనకున్న కొండలో వేరే భాగాన్ని కప్పేస్తుంది. ఆ లెక్క కుదిరాక నీడలు చూడాలి. ఏ రుతువో, ఏ పూటో చెప్పేవి అవే.

తీరా అన్నీ కుదిరి ఫొటో తీస్తే... అందులో రైలు ఉండదు! 1993లో ఈ దారిలో పట్టాలు పీకేశారు. రైళ్లు ఇప్పుడు మరో సొరంగం గుండా వెళ్తున్నాయి. పాత సొరంగాల గోడల నిండా రంగురంగుల రాతలు. కింద 1926లో కట్టిన రోడ్డు వంతెన.

చెక్కుచెదరనిది ఒకటుంది. రెండు సొరంగాల మధ్య లోయను పూడ్చి, సున్నం చుక్క వాడకుండా రాయి మీద రాయి పేర్చిన గోడ. దాని పేరే చైనా వాల్. కట్టింది చైనా కూలీలు. పక్కనే 1,659 అడుగుల సొరంగాన్ని తొలిచిందీ వాళ్లే. మందుగుండు పెట్టి పేలుస్తూ పోతే, ఒక్కోవైపు రోజుకు అడుగు అటూ ఇటూగా సాగేది పని. 1867 జూన్‌లో కూలి పెంచాలనీ, పనిగంటలు తగ్గించాలనీ సమ్మె కడితే కంపెనీ తిండి సరఫరా ఆపేసింది. వారం రోజుల్లో సమ్మె ముగిసింది.

ఈ మార్గంలో పనిచేసిన చైనావాళ్లు 10 వేలకు పైనే. జీతాల పుస్తకాల్లో ఎక్కువగా మేస్త్రీల పేర్లే తప్ప వాళ్ల పేర్లు లేవు. వాళ్లు రాసిన ఉత్తరం ఒక్కటీ ఇంతవరకూ దొరకలేదు. అందుకే హార్ట్ ఫొటోలకు అంత విలువ. ఒకదాంట్లో, 8వ సొరంగం ముందు భుజాన కావడితో టీ మోసుకొస్తున్న మనిషి కనిపిస్తాడు. మరిగించిన ఆ టీ నీళ్లే కూలీలను విరేచనాల రోగాల నుంచి కాపాడాయంటారు. బీజింగ్ ఫొటోగ్రాఫర్ లీ జూ ఇలాంటి పాత చిత్రాలు పట్టుకుని, అవే చోట్లకు పలుమార్లు వచ్చి మళ్లీ ఫొటోలు తీశారు.

శాన్‌ఫ్రాన్సిస్కో వైపు నుంచి లేక్ తాహోకు కార్లలో వెళ్లే మన తెలుగు కుటుంబాలకూ ఈ కనుమ దారిలోదే. పెద్ద రహదారి వదిలి పాత 40వ నంబరు రోడ్డెక్కితే వంతెన దగ్గర ఆగొచ్చు. అక్కడ అందరి కెమెరాలూ సరస్సు వైపే. తల తిప్పి పైకి చూస్తే, ఆ గోడ.