‘గిట్టుబాటు’ అనే మాట, కోటిపల్లి రైలు

అధికార పత్రాల భాషలో కొన్ని విశేషణాలు తామే తీర్పు చెప్పేస్తాయి. ‘గిట్టుబాటు కాని రైలు మార్గం’ అనేది అలాంటిది. ఈ ముద్ర పడ్డాక ఆ దారిమీద ఆధారపడిన జనం గురించి వేరే విచారణ అక్కర్లేకుండా పోతుంది. మాటల తూకం తెలిసినవాళ్లం కనుక మనమైనా దీన్ని నిలదీయాలి.

కాకినాడ–కోటిపల్లి మార్గాన్నే తీసుకుందాం. 1928లో వేసిన లైను. దాదాపు 45 కిలోమీటర్లు. రామచంద్రపురం, ద్రాక్షారామం మీదుగా గౌతమి గట్టు దాకా పోయేది. 1940లో బ్రిటిష్ ప్రభుత్వం యుద్ధావసరాలకని ఆ పట్టాలు పీకించింది. ఎవరి యుద్ధానికి ఎవరి దారి బలి! అప్పుడు గిట్టుబాటు ప్రస్తావన కూడా లేదు. వలస ప్రజలకు సంజాయిషీ చెప్పుకునే అలవాటు సామ్రాజ్యానికి ఎక్కడిది? స్వాతంత్ర్యం వచ్చిన 57 ఏళ్లకు, 2004లో, పట్టాలు మళ్లీ పడ్డాయి. వాటికోసం పట్టుబట్టిన లోక్‌సభ స్పీకర్ బాలయోగి 2002లోనే హెలికాప్టర్ ప్రమాదంలో మరణించారు.

పట్టాలు వచ్చాయి సరే, వాటిమీద నడిచిందేమిటి? ఒకే పెట్టె వున్న రైలు బస్సు. పైగా లైను నది ఒడ్డున ఆగిపోతుంది. అమలాపురం వెళ్లవలసినవాడు కోటిపల్లిలో దిగి, రేవుకు నడిచి, గోదావరి దాటి, అవతల మళ్లీ బండి వెతుక్కోవాలి. అంత యాతన దేనికని యానాం–ఎదుర్లంక వంతెన మీదుగా పోయే బస్సే ఎక్కుతాడు. అలాంటి రైలుకు జనం లేరని లెక్క తీయటమంటే, వీధి తలుపు బిగించుకుని చుట్టాలు రావటం లేదనటమే.

ఈ లెక్కల పద్ధతికి మూలగ్రంథమనదగినది బ్రిటన్‌లో 1963లో రిచర్డ్ బీచింగ్ సమర్పించిన నివేదిక. రైల్వేల నష్టాలు కల్పితం కావు; కొన్ని లైన్లు నిజంగానే ఖాళీగా నడిచేవి. కాని ఆయన రద్దీని కొలిచింది 1961 ఏప్రిల్‌లో ఒకే వారం. వేసవిలో కిటకిటలాడే సముద్రతీరపు ఊళ్లకు ఏప్రిల్ కొలత ఏం న్యాయం చేస్తుంది? అంతకన్నా ముఖ్యమైనది మరొకటి వుంది. శాఖా మార్గంలో పది మైళ్లు వచ్చినవాడే జంక్షనులో మారి ప్రధాన మార్గంలో వంద మైళ్లు పోతాడు. శాఖను నరికాక అతను జంక్షను దాకా కారులో వచ్చి రైలెక్కలేదు. ఇంటినుంచి గమ్యం దాకా కారులోనే పోయాడు. మిగిల్చామనుకున్న డబ్బులో కొంత అలా జారిపోయింది.

స్కాట్లండ్‌లో 1969లో మూసేసిన వేవర్లీ మార్గంలో ఎడిన్‌బరా నుంచి ట్వీడ్‌బ్యాంక్ దాకా 2015లో తిరిగి తెరిచారు. మొదటి ఏడాదిలోనే పది లక్షలకు పైగా ప్రయాణాలు నమోదయ్యాయి. అక్కడ రైలు నగరం నడిబొడ్డుకు చేరుస్తుంది, ఏటి గట్టున దింపి పొమ్మనదు.

కోటిపల్లికి అలాంటి కొనసాగింపు కాగితం మీద ఏనాడో వచ్చింది. నరసాపురం దాకా 57 కిలోమీటర్ల మార్గం 2000–01లోనే మంజూరైంది. గౌతమి, వైనతేయ, వశిష్ఠ – మూడు పాయలు దాటాలి. ఖర్చంతా ఆ వంతెనలదే. పావు శతాబ్దం గడిచినా అమలాపురానికి ఒక్క రైలూ రాలేదు. ఈలోగా కోనసీమ కొబ్బరి లారీల్లో పోతూనే వుంది. మన కథల్లో మాత్రం రైలంటే ఇంకా కూతా, ప్లాట్‌ఫారం మీద వీడ్కోలూనే. కోటిపల్లి రేవులో బస్తా దించుకుని పంటు కోసం చూసే మనిషికి స్టేషను లెక్కల్లోనూ గడి లేదు, మన కథల్లోనూ చోటు దొరకలేదు.