వేడి చేసిందనుకుంటే...

ఆవేళ క్లాసులో ఛందస్సు చెబుతున్నాను. రెండో బెంచీ అమ్మాయి గంటలో మూడుసార్లు బయటికి వెళ్ళివచ్చింది. నాలుగోసారి లేచేసరికి క్లాసంతా నవ్వింది. "గణాలంటే అంత భయమేమమ్మా? కూర్చో" అన్నాను నేను. తల వంచుకు కూర్చుంది. మర్నాటినుంచి కాలేజీకి రాలేదు.

వారం తర్వాత వాళ్ళమ్మగారు సెలవుచీటీ పట్టుకొచ్చారు. ఒంటేలుకు పోతే మంటగా వుందని పిల్ల ఎప్పుడో చెప్పిందట. "వేడి చేసిందనుకున్నామండీ. సబ్జా నీళ్ళూ, మజ్జిగా ఇచ్చాం" అన్నారావిడ. చివరకు చలిజ్వరం, నడుంనొప్పి వచ్చి ఆసుపత్రిలో చేర్చారు. జబ్బు మూత్రపిండం దాకా పాకిందట!

నీళ్ళు చాలక మూత్రం చిక్కబడితే మంట పుట్టేమాట నిజమే. నీళ్ళు బాగా తాగితే అది సర్దుకుంటుంది. తాగినా తగ్గక, మాటిమాటికీ పోవాలనిపించి, పొత్తికడుపు నొప్పి పెడితే మాత్రం అది వేడి కాదు. చాలావరకు ఈ.కోలై అనే సూక్ష్మజీవి పని. అది పేగుల్లో కాపురముండేదే. మూత్రమార్గంలో చేరితేనే తంటా. ఆడపిల్లలకు ఆ మార్గం పొడవు రమారమి 4 సెంటీమీటర్లే గనుక బెడద వాళ్ళకే ఎక్కువ.

దానికితోడు కాలేజీ మరుగుదొడ్డికి గడియ వుండదు, పంపులో నీళ్ళుండవు. సాయంత్రందాకా బిగబట్టుకోవడం, బిగబట్టాలి గనుక నీళ్ళే మానెయ్యడం! నిలవున్న మూత్రంలో సూక్ష్మజీవులు పెరగవూ మరి?

వైద్యం కష్టం కాదు. మూత్రపరీక్ష చేయించి, డాక్టరిచ్చిన మాత్రలు పూర్తిగా వాడాలి. మంట తగ్గిందని మధ్యలో మానరాదు. మూడు నాలుగు గంటలకోసారి తప్పక వెళ్ళాలి. శుభ్రం చేసుకునేటప్పుడు ముందునుంచి వెనక్కే. చలిజ్వరం, వాంతులు, నడుంనొప్పి వస్తే ఆ పూటే ఆసుపత్రికి వెళ్ళాలి.

మగపిల్లలు మరీ గుంభన. వృషణంలో హఠాత్తుగా విపరీతమైన నొప్పి వస్తే, అది మెలిపడి రక్తం అందడంలేదేమోనని అనుమానించాలి. 6 గంటల్లోగా శస్త్రచికిత్స జరిగితే దక్కే అవకాశం ఎక్కువ. సిగ్గుపడి తెల్లారేదాకా ఓర్చుకుంటే చేజారిపోవచ్చు.

ఆ అమ్మాయి కోలుకుని వచ్చింది. కాలేజీలో పోరుపెట్టి మరుగుదొడ్డికి గడియ వేయించాం. ఇప్పుడు నా క్లాసులో ఎవరు లేచినా ఎందుకని అడగను. తల్లిదండ్రులు మాత్రం అడగాలి. పిల్లలు సిగ్గుపడి చెప్పలేని బాధను పెద్దలు కూడా అడక్కపోతే ఇంకెవరడుగుతారు?