పక్క సీట్లో బ్రేకు ఉండదు

మొదటిసారి ట్రాక్ మీద నా పక్కన కూర్చోవాల్సిన ఇన్‌స్ట్రక్టరు అసలు పక్కన కూర్చోనేలేదు. "మీరు అటు జరగండి మేడమ్, ముందు లైన్ చూపిస్తా" అని తాళం తీసుకున్నాడు. మూడు ల్యాపులు తిప్పాడు. టైర్లు కీచుమన్నాయి. తలుపు పైనున్న పిడి పట్టుకుని నా వేళ్లు తెల్లబడ్డాయి. పొద్దున తిన్న పొంగల్ గొంతు దాకా వచ్చింది. పిట్‌లోకి తెచ్చి, హ్యాండ్‌బ్రేక్ సర్రున లాగి, "ఎలా ఉంది?" అన్నాడు. "బాగుందండీ" అన్నాను. ఇంకేమంటాం? ఆయనకు డ్రైవింగ్ బాగా వచ్చని మాత్రం తెలిసింది.

ఆ హ్యాండ్‌బ్రేక్ సంగతి తర్వాత చెప్తాను.

నేను రాయదుర్గంలో ఒక సాఫ్ట్‌వేర్ ఆఫీసులో టెస్టింగ్ టీమ్‌ని చూసుకుంటాను. వయసు 43. ఇల్లు కొండాపూర్‌లో. కారు పోలో, లీటరు టర్బో ఇంజిన్, చేత్తో వేసే గేర్లు. ఆ కారు తయారీని మన దగ్గర 2022లో ఆపేశారు కాబట్టి దాన్ని కన్నబిడ్డలా చూసుకుంటాను. ఇంటి నుంచి ఆఫీసుకు పోయే దారిలో మూడో గేరు పడిందంటే ఆ రోజు ప్రభుత్వ సెలవన్నమాట. ఇలాంటి మనిషికి ట్రాక్ పిచ్చి ఏమిటని మా అక్క ఇప్పటికీ అడుగుతుంది.

పిచ్చి నాది కాదు, మా టీమ్ కుర్రాళ్లది. అర్ధరాత్రి దాటాక ఐకియా దగ్గర, టీ-హబ్ రోడ్లమీద బైకులు ముందు చక్రం లేపుకుని పోవడం సైబరాబాద్‌లో ఉన్నవాళ్లందరూ చూసిందే. పోలీసులు పట్టుకోవడం, బళ్లు లాక్కోవడం, మళ్లీ శనివారం రావడం. ఒక సోమవారం మావాడొకడు మోచేతికి కట్టుతో స్టాండప్ మీటింగ్‌కి వచ్చాడు. "మెట్ల మీద జారాను మేడమ్" అన్నాడు. ఆ మెట్లు ఏ రోడ్డు మీద ఉన్నాయో అందరికీ తెలుసు.

వేగం సంగతి ఈ చుట్టుపక్కల మనకు కొత్తగా ఎవరూ చెప్పక్కర్లేదు. 2019 నవంబరులో బయోడైవర్సిటీ ఫ్లైఓవర్ తెరిచి నెల కూడా కాకముందే ఒక కారు దాని మలుపులో అదుపు తప్పి కిందికి ఎగిరిపడింది. కింద రోడ్డు పక్కన నిలబడ్డ ఒక మహిళ ప్రాణం పోయింది. అక్కడ పరిమితి 40 కిలోమీటర్లు. ఆ కారు వచ్చింది అంతకు రెట్టింపును మించిన వేగంతో. ఇక్కడ ఒక చిన్న లెక్కుంది. వేగం రెట్టింపైతే, మలుపులో కారును పట్టి ఉంచడానికి టైర్లు పెట్టాల్సిన బలం రెట్టింపు కాదు, నాలుగు రెట్లవుతుంది. టైరు దగ్గర అంత బలం లేకపోతే కారు తిరగదు, తిన్నగా పోతుంది. ఇక రోడ్డు మీద ఇసుక ఉంటే ఉన్న పట్టు కూడా పోతుంది. 2021 సెప్టెంబరులో హీరో సాయిధరమ్ తేజ్ బైకు కేబుల్ బ్రిడ్జి దాటాక జారింది అలాగే.

కాబట్టి సరదా తీర్చుకునేదేదో మూసిన ట్రాక్ మీద, నేర్పేవాడి పక్కన తీర్చుకోండని కుర్రాళ్లకు చెప్పాను. "మీరొస్తే మేమూ వస్తాం" అన్నారు. ఇరుక్కున్నాను.

మన ఊళ్లో రేసు జరగలేదా అంటే, జరిగింది. 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్‌సాగర్ ఒడ్డున, సచివాలయం చుట్టూ 2.83 కిలోమీటర్ల వీధి సర్క్యూట్ వేసి ఫార్ములా-ఈ అనే ఎలక్ట్రిక్ కార్ల రేసు నడిపారు. దేశంలో అదే మొదటి ఫార్ములా-ఈ. జాన్-ఎరిక్ వెర్న్ గెలిచాడు, ఊరంతా ట్రాఫిక్‌లో ఓడింది. మరుసటి ఏడాది జరగాల్సిన రేసు రద్దయింది. నాగచైతన్య 2024లో హైదరాబాద్ బ్లాక్‌బర్డ్స్ రేసింగ్ జట్టును కొన్నాక మా క్యాంటీన్‌లో మళ్లీ నాలుగు రోజులు ఇవే మాటలు. కానీ సొంత కారు తీసుకెళ్లి పూర్తిస్థాయి సర్క్యూట్‌లో తిప్పుకోవాలంటే మేం పట్టేది చెన్నై దారే. నార్కట్‌పల్లి, అద్దంకి, ఒంగోలు, నెల్లూరు మీదుగా వెళ్లి, శ్రీపెరుంబుదూరుకు ముందు ఇరుంగాట్టుకోట్టై దగ్గర ఆగాలి. 1990 నుంచి ఉన్న ట్రాక్. 3.717 కిలోమీటర్లు, 12 మలుపులు.

ట్రాక్ డే అంటే రేసు కాదు. ఎవరు ముందొచ్చారని చూడరు, కప్పు ఇవ్వరు. ఇరవై నిమిషాలో అరగంటో మూసిన దారిలో తిరగడం, బయటికి రావడం, కారు చల్లారాక మళ్లీ వెళ్లడం. వెనకవాడు దాటాలంటే ముందువాడు చెయ్యి చూపించి దారివ్వాలి. జెండాలుంటాయి. పసుపు కనిపిస్తే ముందు ప్రమాదం ఉంది, ఎవరినీ దాటొద్దు. నీలం అయితే వెనక వేగంగా వస్తున్నారు. ఎరుపు అయితే ఆట ఆగింది. ఇంకొక మాట, మీ ఇన్సూరెన్స్ కాగితం ఒకసారి తీసి చదవండి. రేసులకు, వేగ పరీక్షలకు వర్తించదని స్పష్టంగా రాసుంటుంది. అక్కడ బంపరు పోతే మీ జేబులోంచే.

ఆ మొదటి రోజే, మధ్యాహ్నం నా అదృష్టం కొద్దీ ఇన్‌స్ట్రక్టరు మారాడు. అరవై దగ్గర పడ్డ పెద్దాయన, చెన్నైలో పుట్టి పెరిగిన తెలుగాయన. వచ్చీరాగానే కారు ఎంత పోతుందని అడగలేదు. "నిన్న రాత్రి ఎన్నింటికి పడుకున్నారమ్మా?" అన్నాడు. ఒంటి గంటయిందని చెప్పాను. "నీళ్లు తాగుతున్నారా?" అన్నాడు. సీటు రెండు మెట్లు ముందుకు జరిపించి, మణికట్టు స్టీరింగ్ పైఅంచు మీద ఆనుతోందో లేదో చూశాడు. తర్వాత అడిగిన ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. "బ్రేకు ఎప్పుడైనా పూర్తిగా తొక్కారా? కాలి కింద పెడల్ టకటకా కొట్టుకునేదాకా?"

ఇరవై ఏళ్లుగా బండి నడుపుతున్నాను. ఎప్పుడూ తొక్కలేదు. ఖాళీ జాగాలో నాలుగుసార్లు తొక్కించాడు. ఏబీఎస్ పనిచేస్తుంటే పాదం కింద గులకరాళ్లు కదిలినట్టుంటుంది. మొదటిసారి ఆ చప్పుడుకు భయపడి కాలు తీసేశాను. నాలుగోసారి తియ్యలేదు. అప్పుడు, "పదండి" అన్నాడు.

హెల్మెట్లు పెట్టుకుని, కిటికీలు దించుకుని పోతుంటే గాలి హోరులో సగం మాటలు వినపడవు. అందుకని ముందే చేతి సైగలు చెప్పాడు. తన కుడిచేయి గేర్ రాడ్ పక్కన ఉంచుతాడు. వేలు చూపిస్తే అటు చూడాలి. పిడికిలి బిగిస్తే బ్రేకు. అరచెయ్యి కిందికి పెట్టి మెల్లగా అదిమితే తగ్గమని. "ఈ సెషన్‌లో ఒకటే పని. నా వేలు ఎటుంటే అటు చూడండి. వేగం నాకక్కర్లేదు" అన్నాడు.

ఆ వేలు నేను మలుపుకు చేరకముందే లేచేది. మొదట్లో అర్థం కాలేదు. తర్వాత లెక్కేసుకున్నాను. 120 కిలోమీటర్ల వేగంలో కారు సెకనుకు 33 మీటర్లు పోతుంది. పక్కవాడు "ఇప్పుడు బ్రేకు వెయ్యండి" అని పూర్తి చేసేలోపు సెకనున్నర గడిచిపోతుంది. నా చెవి విని, కాలు కదిలేసరికి ఇంకొంత. ఆ మాట పుట్టిన చోటికి, కారున్న చోటికి మధ్య కనీసం యాభై మీటర్లు. అరిచే ఇన్‌స్ట్రక్టరు ఎప్పుడూ అయిపోయిన మలుపు గురించే అరుస్తాడు. మంచివాడు రాబోయేదాని గురించి చిన్నగా చెప్తాడు.

మూడో సెషన్‌లో నాకు కొంచెం ధీమా వచ్చింది. ధీమా వచ్చిందంటే ఏదో జరుగుతుందన్నమాట. ఒక ఎడమ మలుపులోకి ఎక్కువ వేగంతో దిగాను. కారు బయటికి పోతోంది. ఎదురుగా టైర్ల గోడ, దాని తెలుపు ఎరుపు చారలు, ఒక టైరు మీద ఎండిన మట్టి కూడా కనిపించింది. నా కుడికాలు యాక్సిలరేటర్ మీంచి లేవబోయింది. అప్పటిదాకా "అమ్మా, మీరు" అన్న మనిషి, గొంతు పెంచకుండా, "కాలు తియ్యకు. ఎడమ చూడు" అన్నాడు.

చూశాను. చేతులు వాటంతటవే తిరిగాయి. కారు కిర్రుమంటూ వచ్చింది.

మలుపు మధ్యలో ఒక్కసారిగా కాలు తీస్తే ఏమవుతుందో తర్వాత చెప్పాడు. బరువంతా ముందు చక్రాల మీదికి దూకుతుంది, వెనక తేలికవుతుంది, తోక తిరుగుతుంది. నాలాంటి కొత్తవాళ్ల కార్లు గిర్రున తిరిగేది చాలాసార్లు యాక్సిలరేటర్ తొక్కి కాదు, భయపడి వదిలేసి. ఆ భయం ఎప్పుడు పుడుతుందో పక్క సీటు మనిషి నాకంటే ముందు కనిపెట్టాడు.

చల్లార్చే ల్యాపు ఒకటి బ్రేకు ముట్టకుండా తిప్పించి, పిట్‌లోకి వచ్చాక, "గేర్‌లో పెట్టండమ్మా, హ్యాండ్‌బ్రేక్ వద్దు" అన్నాడు. మళ్లీ "అమ్మా" అయ్యాను. కాలిపోతున్న బ్రేకును అలాగే బిగించి వదిలేస్తే అతుక్కోవచ్చు, డ్రమ్ము వంకర పోవచ్చు. పొద్దున హీరోగారు సర్రున లాగింది అదే. తన కారైతే లాగేవాడు కాదు.

పెద్దాయన తన తీర్పు చెప్పలేదు. "మీరు చెప్పండి, ఏమైంది?" అన్నాడు.

"వేగంగా వచ్చాను."

"అది నాకు తెలుసు. మీరేం చూస్తున్నారు అప్పుడు?"

"టైర్ల గోడ."

"ఊఁ. అందుకే దాని దగ్గరికి పోతున్నాం."

అంతే. ఇంకో పది తప్పులు చేసి ఉంటాను, వాటి ఊసెత్తలేదు. మా ఆఫీసులో కొత్త కుర్రాడి మొదటి కోడ్‌కి ఒకేసారి ముప్పై కామెంట్లు పెట్టి, తామేదో గొప్ప రివ్యూ చేశామనుకునే సీనియర్లు నాకు గుర్తొచ్చారు. వాళ్లలో నేనూ ఉన్నాను.

ఒక్కసారికి ఒక్కటే నేర్పే ఈ పద్ధతి బైకుల వాళ్ల దగ్గర ఇంకా ముదిరింది. అక్కడ పక్క సీటే లేదు కదా. కీత్ కోడ్ 1980లో అమెరికాలో పెట్టిన కాలిఫోర్నియా సూపర్‌బైక్ స్కూల్ చెన్నై ట్రాక్‌కి కూడా వచ్చి పాఠాలు చెప్పింది. మొదటి పాఠానికి ఒకే గేరు, బ్రేకు ముట్టుకోవద్దు. వేగం చూపిద్దామని పెద్ద బైకు మీద వచ్చినవాడికి ఇది చిన్నతనంగా ఉంటుంది. కానీ బ్రేకు లేదంటే మలుపుకు ఎంత వేగంతో రావాలో ముందే ఆలోచించాలి. మనిషి శ్రద్ధను కీత్ కోడ్ పది డాలర్ల నోటుతో పోల్చాడు. భయానికి ఏడు ఖర్చు పెట్టేస్తే దారికి మూడే మిగులుతాయి. అరిచే గురువు ఆ మూడూ లాక్కుంటాడు.

చెడ్డ ఇన్‌స్ట్రక్టర్లలో చాలా రకాలున్నాయి గానీ అందరి గురించీ చెప్పను. తర్వాతి ట్రిప్పుల్లో ఒకాయన సెషనంతా ఫోన్ చూసుకుని, చివర్న "సూపర్ మేడమ్" అన్నాడు. ఒకాయన నడుస్తున్న కారు స్టీరింగ్ మీద చెయ్యేశాడు. అదైతే పిట్‌లోకి తెచ్చి దింపేశాను. ఇంకొకాయన నా పోలోను చూసి, "దీంతో ఏం నేర్చుకుంటారు?" అని పెదవి విరిచాడు. ఆయనకు రాబ్ విల్సన్ గురించి ఎవరైనా చెప్పాల్సింది. ఇంగ్లండ్‌లోని బ్రంటింగ్‌థార్ప్ అనే పాత వైమానిక స్థావరం రన్‌వే మీద, మామూలు కుటుంబాలు వాడే ఆస్ట్రా కారులో, పక్కన కూర్చుని పాఠం చెప్పేవాడు. ఆయన దగ్గరికి వచ్చినవాళ్లలో కిమీ రైకొనెన్, మోంటోయా లాంటి ఫార్ములా-వన్ డ్రైవర్లున్నారు. తక్కువ శక్తి ఉన్న కారులో తప్పు దాక్కోదు.

అయినా ఇన్‌స్ట్రక్టర్లను తిట్టేటప్పుడు నాకు షాన్ ఎడ్వర్డ్స్ గుర్తొచ్చి నోరు తగ్గుతుంది. 1976లో జర్మనీలో ఒక రేసులో మంటల్లో చిక్కుకున్న నికీ లౌడాను బయటికి లాగిన డ్రైవర్లలో ఒకడు గై ఎడ్వర్డ్స్. ఆయన కొడుకే షాన్. 2013లో పోర్షే సూపర్‌కప్ రేసుల్లో పాయింట్లలో అందరికంటే ముందున్నాడు. ఆ అక్టోబరులో ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ రేస్‌వేలో ఒక కుర్రాడికి పాఠం చెబుతూ పక్క సీట్లో కూర్చున్నప్పుడు కారు గోడను గుద్దింది. షాన్‌కు 26 ఏళ్లు. అన్ని రేసులు నడిపిన మనిషి, స్టీరింగ్ తన చేతిలో లేనప్పుడు పోయాడు.

మన వీధి డ్రైవింగ్ స్కూలు కారులో నేర్పేవాడి కాళ్ల దగ్గర కూడా పెడల్స్ ఉండాలని చట్టమే చెప్తుంది. ట్రాక్‌కి తీసుకెళ్లిన నా కారులో అక్కడ ఉన్నది రబ్బరు చాప. ఆ పెద్దాయన రోజుకు ఐదారుగురు తెలియని మనుషుల పక్కన, వాళ్ల అలవాట్ల మీద, వాళ్ల టైర్ల మీద నమ్మకం పెట్టుకుని కూర్చుంటాడు. ఎన్నింటికి పడుకున్నారని అడిగింది మర్యాదకు కాదని హైదరాబాద్ తిరిగొస్తుంటే ఒంగోలు దగ్గర వెలిగింది.

పోయిన నెల మా అక్క కొడుక్కి లెర్నింగ్ లైసెన్స్ వచ్చింది. కొండాపూర్ ఆర్‌టీఏలో పరీక్షకు ముందు చెయ్యి తిరగాలని, ఆదివారం పొద్దున్నే ఆరింటికి కోకాపేట కొత్త రోడ్ల మీదికి తీసుకెళ్లాను. అన్నీ చెప్పాను. సీటు, అద్దాలు, ఎన్నింటికి పడుకున్నావు. నా చెయ్యి గేర్ రాడ్ పక్కన పెట్టాను. వేలు, పిడికిలి, అరచెయ్యి. వాడు బుద్ధిగా తలూపాడు. రెండో గేరులో ముప్పై మీద పోతున్నాం. దూరంగా ఒక కుక్క రోడ్డు దాటుతోంది.

"బ్రేక్! బ్రేక్! ఒరేయ్, బ్రేక్!"

వాడు నెమ్మదిగానే ఆపాడు. కుక్క తన దారిన పోయింది. ఇంజిన్ కూడా ఆగలేదు. నేను గొంతు సవరించుకుని, పెద్దరికంగా అడిగాను: "ఇప్పుడు చెప్పు, నువ్వేం చూస్తున్నావు?"

"నీ కాలు, పిన్నీ" అన్నాడు. "చాప చిరిగేట్టు తొక్కుతున్నావు."